కారు తాళం రాత్రిపూట ఎక్కడ పెడతారు?

మా షాపు బోర్డు మీద ఇప్పటికీ చేతి గడియారం బొమ్మే ఉంది. లోపలికొచ్చేవాళ్లలో సగం మంది చేతిలో మాత్రం కారు తాళం ఉంటుంది. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి రాగలిగినంత దూరంలో, మా నాయన పెట్టిన వాచ్ రిపేరు షాపు ఇది. సెల్‌ఫోన్ వచ్చి మా పని తీసుకుపోయింది. బటన్ స్టార్ట్ కార్లు వచ్చి కొంత తిరిగిచ్చాయి, వాటి తాళాల్లోనూ వాచీల్లో లాగే బిళ్ల సెల్లు ఉంటుంది, అది మార్చించుకోవడానికి మా దగ్గరికే వస్తారు. కాబట్టి ఆ కార్ల మీద నాకు కోపమేమీ లేదు. వచ్చినాయన గుమ్మంలోనే తగులుకుంటేనే ఒళ్లు మండుతుంది.

"ఏమన్నా, సంకురాత్రికి ఏస్తివి, ఉగాదికే పాయె. డూప్లికేట్ సెల్లు ఏసినావా ఏంది?"

నేను తాళం అందుకోను. ముందు అడిగేది ఒకటే: "రాత్రిపూట తాళం యాడ పెడ్తావన్నా?"

చాలామంది ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. నాలుగుసార్లు గుచ్చి అడిగితే తేలేది దాదాపు ఎప్పుడూ ఒకటే. కారు వరండా గోడకు ఆనించినట్టు నిలబెడతారు, తాళం అదే గోడకు లోపలివైపు మేకుకు తగిలిస్తారు. మధ్యలో ఇటుక గోడ ఉందిలే అని మన ధీమా. ఆ గోడ వాటికి లెక్కే కాదు.

జేబులోంచి తీయకుండానే తలుపు తెరిచే తాళాన్ని స్మార్ట్ కీ అంటారు. దాని సంగతి ఇది. కారు 125 కిలోహెర్ట్జ్‌లో సన్నగా ఒక సిగ్నల్ వదులుతుంది, మీటరో రెండు మీటర్లో అందేంత. అది అందగానే తాళం నిద్రలేచి, మన దగ్గర అమ్మే కార్లలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌లో, జవాబు పంపుతుంది. "ఉన్నావా?" "ఉన్నా." కొన్ని కార్లు తలుపు పిడి ముట్టుకుంటేనే పిలుస్తాయి. దగ్గరికి రాగానే లైట్లు వేసి స్వాగతం చెప్పే రకం కార్లు ఎవరూ ముట్టుకోకపోయినా పిలుస్తూనే ఉంటాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా ఆ గోడకు అటూ ఇటూ ఈ మాటలు నడుస్తుంటాయి. సెల్లు ఇంక ఎక్కడ మిగులుతుంది?

వాచీల వాణ్ని కాబట్టి నాకిది లెక్కలో కనిపిస్తుంది. మామూలు క్వార్ట్జ్ వాచీలో వేసే ఎస్ఆర్ 626 సెల్లులో నిల్వ ఉండే కరెంటు 28 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంతే. దాంతోనే లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ ముల్లుల్ని రెండు మూడేళ్లు తిప్పుతుంది. ఎందుకంటే అది తాగేది ఒక మైక్రో ఆంపియర్, అంటే మిల్లీలో వెయ్యో వంతు, అటూ ఇటుగా. కారు తాళంలో ఉండే సీఆర్ 2032లో 220 పైచిలుకు ఉంటుంది, దాదాపు ఎనిమిది రెట్లు. నిద్రలో ఉన్నంతసేపు తాళం కూడా పొదుపరే. రేడియోలో జవాబు చెప్పే ఆ ఒక్క క్షణంలో మాత్రం అంతకు వేల రెట్లు లాగుతుంది. కార్ల కంపెనీల పుస్తకాల్లో సెల్లు ఒకటి రెండేళ్లు వస్తుందని రాసుంటుంది. మూడు నెలలకే పోతోందంటే ఎవరో పదే పదే దాన్ని లేపుతున్నట్టే లెక్క.

కారొక్కటే లేపుతుందని కాదు. టీవీ, కంప్యూటర్, ఫోన్ ఛార్జర్, టేబుల్ లైటు, ఇండక్షన్ పొయ్యి, వీటి పక్కన తాళం పెట్టొద్దని టొయోటా వాళ్ల పుస్తకంలోనే ఉంది. నంద్యాల చెక్‌పోస్టు వైపు నుంచి వచ్చే ఒకమ్మ ఎప్పుడూ ఇండక్షన్ పొయ్యి పక్కనే, చింతపండు డబ్బా మీద తాళం పెట్టేది. వంటయ్యాక ఆఫీసుకు పోయేటప్పుడు చేతికి అందాలని. అక్కడి నుంచి తీసి బీరువాలో పెట్టమన్నా. మళ్లీ సెల్లు కోసం రాలేదు. నా వ్యాపారానికి ఇది మంచి సలహా కాదని మా తమ్ముడి అభిప్రాయం.

బీరువా మాట ఊరికే అనలేదు. ఇనుప బీరువా తలుపు వేస్తే లోపలి తాళానికి బయటి పిలుపు అందడం కష్టం. అది కారుకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటే ఇంకా మేలు. రెండో తాళం కూడా అందులోనే పెట్టండి. రెండూ ఒకే రింగుకు గుచ్చి తిప్పేవాళ్లను చూశాను, రెండు సెల్లులూ ఒకేసారి పోతాయి. చాలా టొయోటా స్మార్ట్ కీలకు ఇంకో సౌకర్యం ఉంది. లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే చిన్న లైటు నాలుగుసార్లు మెరిసి తాళం పూర్తిగా నిద్రపోతుంది, ఏదైనా బటన్ నొక్కితే మళ్లీ లేస్తుంది. ఇప్పుడు కొన్ని తాళాల్లో కదలిక పసిగట్టే సెన్సరే పెడుతున్నారు. కాసేపు కదలకుండా ఉంటే వాటంతటవే పడుకుంటాయి.

ఇదంతా స్మార్ట్ కీ గొడవ. బటన్ నొక్కితేనే పనిచేసే పాత రకం రిమోట్‌కు ఈ పిలుపులు వినపడవు. దానికి సెల్లు తొందరగా పోతే నేను బటన్లే చూస్తా. రబ్బరు బటన్ లోపలికి దిగి ఇరుక్కుపోయి ఉంటుంది, లేకపోతే బిగుతు ప్యాంటు జేబులో చిల్లర నాణేలు నొక్కుతుంటాయి. మే నెలలో మన ఊళ్లో చెమటకు తక్కువా? రిమోట్ విప్పితే సర్క్యూట్ మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. 2009 వరద తర్వాత వాచీల్లో చూసిన చిలుమే, కాకపోతే అప్పుడు బురద కూడా ఉండేది.

చాలాసార్లు సెల్లు పోనేపోదు. సెల్లును తాకి కరెంటు అందుకునే లోపలి రేకు వదులై ఉంటుంది, అంతే. 2032లో 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2. సీఆర్ 2025 అయితే మందం 2.5. దొరకలేదని 2025 వేయాల్సిన తాళంలో 2032 కుక్కుతారు. అప్పటికి పనిచేస్తుంది గానీ రేకు అణిగిపోతుంది. తర్వాత అసలు సైజు వేసినా రేకు దాన్ని సరిగా ముట్టుకోదు. గుంతల రోడ్డు మీద రెండు కుదుపులకే తాళం చచ్చిపోయిందంటారు. ఇలాంటివి వస్తే కంటికి భూతద్దం పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవర్ మొనతో రేకును వెంట్రుకవాసి పైకి లేపుతా. పట్టుకోవడానికి ప్లాస్టిక్ పట్టకారే, ఇనుపదైతే సెల్లు రెండు వైపులూ కలిసి షార్ట్ అవుతుంది. పైగా ఇప్పుడు కొన్ని కంపెనీల సెల్లులకు పిల్లలు నోట్లో పెడితే ఉమ్మేయాలని చేదు పూత పూస్తున్నారు. ఆ పూత సరిగ్గా రేకు తగిలే చోటే పడితే కొత్త సెల్లు కూడా పనిచేయకపోవచ్చు.

మీటరు తెచ్చి మరీ వాదించేవాళ్లున్నారు. "3 వోల్టులు చూపిస్తాంది కదన్నా, ఎట్ల పోతాది?" లిథియం సెల్లు గుణమే అది. అయిపోవచ్చేదాకా 3 దగ్గరే నిలబడి చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. ఊరికే కొలిస్తే ముసలి సెల్లు కూడా కుర్రదానిలాగే కనిపిస్తుంది. కొంచెం లోడు పెట్టి, అంటే దాని నుంచి కరెంటు లాగుతూ కొలిస్తేనే అసలు రంగు బయటపడుతుంది. ఇక సీసాలో గలగలలాడించి విడిగా అమ్మే సెల్లుల జోలికి పోకండి. ఒకదానికొకటి తగిలి అక్కడే సగం ఖాళీ అయివుంటాయి. కవరు మీద తేదీ చూసి, మీ ముందే చింపించుకోండి.

తీసేసిన పాత సెల్లు కిటికీలో పెట్టొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది నిప్పుతో సమానం. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహార నాళాన్ని కాల్చేస్తుంది, తాళానికి పనికిరాని సెల్లు కూడా. మింగిందని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించకుండా నేరుగా పెద్దాసుపత్రికి. నేనైతే పాతవాటికి రెండువైపులా టేపు అంటించి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేస్తా.

సెల్లు పోయినంత మాత్రాన కారు కదలదని భయం అక్కర్లేదు. తొలకరి పడిందంటే మా జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ల సందడి తెలిసిందే కదా. అలా వెతకడానికి వెళ్లిన మా పాత కస్టమర్ ఒకాయన మిట్టమధ్యాహ్నం ఫోన్. కారు తెరుచుకోవడం లేదు, భార్యాపిల్లలు చేను గట్టున నిలబడి ఉన్నారు, ఆయన గొంతులో టెన్షన్. తాళం పక్కన చిన్న మీట జరిపితే లోపలి నుంచి ఇనుప తాళంచెవి వస్తుందని చెప్పా. వచ్చింది. డ్రైవర్ తలుపుకు తాళం రంధ్రమే లేదన్నాడు. పిడి చివర ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది, అదీ దొరికింది. తలుపు తీయగానే దొంగ పడ్డట్టు కారు అరవడం మొదలుపెట్టింది. ఫోన్లో నాకే చెవులు గింగురుమన్నాయి. "అరవనీ అన్నా, బ్రేకు తొక్కి, తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కు" అన్నా. తాళంలో సెల్లుతో పనిలేని ఇంకో చిప్పు ఉంటుంది, దానికి కావలసిన కరెంటు కారే ఇస్తుంది. ఇంజన్ స్టార్టయింది, అరుపు ఆగింది.

సాయంత్రం అటునుంచి అటే షాపుకొచ్చాడు. తాళం బల్ల మీద పెట్టి, జేబులోంచి రుమాలు తీసి, అందులో ఉన్న తెల్లరాయిని కూడా భూతద్దంలో చూడమన్నాడు. కొత్త 2032 వేసిచ్చా. రాయి చూసినందుకు డబ్బులు తీసుకోలేదు, అది గాజుపెంకు.