దేవుడి, దేవుని

లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచాను. ఆయన ఒక కన్ను తెరిచి "ఏంటి, రాతలా?" అని అటు తిరిగాడు. పెద్ద విషయమేం కాదు. ఒక్క అక్షరం గొడవ.

మధ్యాహ్నం టీ దగ్గర పక్క సెక్షన్ ఆయన మా అత్తయ్య రిపోర్టుల గురించి అడిగాడు. "దేవుని దయవల్ల అంతా నార్మలేనండీ" అన్నాను. నోటి దాకా తీసుకెళ్లిన కప్పు ఆపి, "మేడమ్, మీరు క్రిస్టియన్సా?" అన్నాడు. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి. (బొట్టు స్టిక్కర్ పెట్టుకోవడం గురించి మా ఇంట్లో నడిచే రభస వేరే కథ.) ఎలా కనిపెట్టారంటే, "మేమైతే దేవుడి దయ అంటాం. దేవుని అనేది మీవాళ్లే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చెవి చురుకైనదే అనుకున్నాను. అక్కడితో ఆపితే ఈపాటికి నిద్రపోయేదాన్ని.

"అయితే మీ ఓట్లన్నీ గంపగుత్తగా అటేగా!"

అటంటే ఎటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ అడగకపోవడమే ఇప్పుడు మండుతోంది. 'ని' దగ్గర బయల్దేరి ఓటు దాకా ఒక్క గుక్కలో వచ్చేశాడు. మా ఇంట్లో నాలుగు ఓట్లు. పోయినసారి నేనొకరికి, మా ఆయన ఇంకొకరికి. మామయ్య నోటా నొక్కొచ్చి రెండ్రోజులు గొప్పగా చెప్పుకున్నారు. అత్తయ్య ఎవరికి వేసిందో ఆ దేవుడికే తెలియాలి.

జవాబు మాత్రం సాయంత్రం బస్సు దిగాక తట్టింది, ఎప్పటిలాగే. దేవుని కడప అని ఊరే ఉంది కదా, అక్కడున్నది వెంకటేశ్వరస్వామే కదా! తెలంగాణలో ఎంతమంది "దేవుని పటం" అనరు? వాళ్లందరి ఓట్లూ అటేనా? ఎంత బాగుండేది ఈ మాట టీ దగ్గరే వచ్చుంటే.

సరే, ఆయన చెవిని తప్పు పట్టలేను. మాకు ఇంట్లో ఒక తెలుగు, ఆదివారం ఒక తెలుగు. బైబిల్లోని కొత్త నిబంధన తెలుగులో 1818లో అచ్చయింది. గిడుగు రామమూర్తిగారు పుట్టిందే 1863లో. మేమిప్పుడు చదివేది తర్వాత సవరించిన పుస్తకమే అయినా పోకడ ఆ పాతదే. వాడుక భాష పత్రికల్లోకి, బడిలోకి వచ్చింది గానీ మా గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోయింది. "అడుగుడి మీకియ్యబడును" అని చిన్నది గడగడా ఒప్పజెబుతుంది. బడిలో తెలుగు మార్కులు మాత్రం అడగొద్దు.

మా నాయనమ్మకు అక్షరం రాదు. బైబిలు మొత్తం వినికిడే. పగలంతా "ఏందిరా, ఎక్కడ చచ్చినావురా" అనే మనిషి, కళ్లు మూసుకోగానే "కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ దినమును మాకు అనుగ్రహించితివి గనుక" అని ఎత్తుకునేది. ఒకసారి సరిగ్గా అక్కడ కోడి లోపలికొచ్చింది. కళ్లు తెరవకుండానే "ష్షో, దీని మొహం మండ" అని చేత్తో అదిలించి, మళ్లీ "గనుక" దగ్గరే అందుకుంది.

మాలో రక్షణ అంటే పాపం నుంచి విడుదల. "రక్షణ పొందావా అమ్మా?" అని కొత్త మనిషి కనబడితే అడిగే మాట. ఒకరోజు రేడియో వార్తల్లో "రక్షణ మంత్రి" అని విని నాయనమ్మ చాట పక్కన పెట్టింది. "సర్కారోళ్లు రక్షణకి గూడా మంత్రిని పెట్టినారా? మంచిదేలే. ఎంతమందికి ఇప్పించినాడంట?" తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ రాత్రే ఆమె ప్రార్థనలోకి రక్షణ మంత్రిగారు ఎక్కారు, "ఆత్మల కొరకైన భారమును ఆయనకు దయచేయుము" అని. ఆయన చూసేది సైన్యమూ తుపాకులూ అని తాత చెప్పినా తీసేయలేదు. "తుపాకులుండేటోడికే ఎక్కువ గావాల" అంది. రాజుల కొరకును అధికారులందరి కొరకును ప్రార్థించమని బైబిల్లో తిమోతి పత్రికలో ఉందిగా, అందరినీ ఎక్కించేది. గెలిచినాయనకు బుద్ధి, ఓడినాయనకు నిద్ర. ఆమె ఓటు ఎటో ఆ ప్రార్థన విన్నవాడెవడూ చెప్పలేడు.

గంపగుత్త అనేవాళ్లు కులం కాగితం సంగతి ఎత్తరు, అదొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఎస్సీ హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని లేదు. మతం మారిన ఎస్సీలు మా దగ్గర బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. మా నాన్నకు బడి రిజిస్టర్లో ఒక పేరు, చర్చి సంఘంలో ఇంకో పేరు ఎందుకున్నాయో టీ తాగుతూ చెప్పగలిగేది కాదు.

ఇక్కడిదాకా కోపంగా టైపు చేసి మంచినీళ్లకు లేచాను. వంటింట్లో ఇంకోటి గుర్తొచ్చింది. పోయిన ఎన్నికలకు రెండు వారాల ముందు మా సంఘంలో పాస్టరుగారు ప్రసంగానికి తీసుకున్న వాక్యం, "కైసరువి కైసరునకును దేవునివి దేవునికిని". బాగానే చెప్పారు. చివరి ప్రార్థనలో మాత్రం "మమ్మల్ని ప్రేమించే నాయకుణ్ణి నిలబెట్టుము ప్రభువా" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. హాలంతా ఆమేన్. నేనూ అన్నాను, కాస్త గట్టిగానే. వేసింది వేరేవాళ్లకే అనుకోండి, ఆమేన్ అయితే అన్నాను. ఇక ఆ గంప అల్లింది పక్క సెక్షన్ ఆయనే అంటే ఎలా?

అయినా ఆయన అలా అనకూడదు. ఆ మాట మార్చను. మొన్న ఆటో అబ్బాయి "వందనాలమ్మా" అనగానే మనవాడే అనుకుని చిల్లర ఉంచేసుకోమన్నది మాత్రం నేనే.

ఈ ఆదివారం విజ్ఞాపన ప్రార్థన నా వంతు. అధికారుల కొరకు అన్నచోట పేర్లు చదవాలా వద్దా? చదివితే ఎవరి పేరు ముందు? ఓడినాయనకు నిద్ర అడిగితే నవ్వుతారేమో. ఆయన దుప్పటి ముసుగులోంచి లైటు, లైటు అంటున్నాడు.