అందరి శ్వాసా 20 ఎలా అయింది?

హాస్టల్ కబుర్లు, దీపాలు పట్టుకుని ప్రమాణం చేసిన రోజు, వార్డెన్ కళ్లుగప్పిన రాత్రులు రాయడానికి మన నర్సింగ్ బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. అవి వాళ్లకు వదిలేస్తున్నాను. నాకిచ్చిన పేజీల్లో మా మెడికల్ సర్జికల్ నర్సింగ్ ట్యూటర్ గురించి, ఆవిడ వార్డులో నేర్పిన చదువు గురించి రాస్తాను. పేరు రాయకపోయినా ఆ రోజుల్లో చదివినవాళ్లు పోల్చుకుంటారు. పోల్చుకుని కాస్త నిటారుగా కూర్చుంటారు కూడా.

మొదటి ఏడాది మాకు అప్పగించిన వార్డులో టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చార్టులు చూస్తే ఒక వింత కనిపించింది. ఉష్ణోగ్రత ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది, నాడి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది. శ్వాస గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా 20. ముందు షిఫ్టు వాళ్లు రాసిపెట్టిన ఆ చార్టుల కట్టను ఆవిడ తిరగేసి, "ఏమ్మా, ఈ వార్డులో అందరూ ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నారా?" అన్నారు. నవ్వవచ్చో లేదో మాకు తెలియలేదు.

ఒక మంచం దగ్గరికి తీసుకువెళ్లారు. రోగి మణికట్టు మీద వేళ్లు ఉంచి నాడి చూశారు. నాడి లెక్క అయిపోయినా వేళ్లు తీయలేదు, చూపు మాత్రం ఛాతీ మీదికి మారింది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది, అందుకని ఆ దొంగచూపు. చూసింది పూర్తి నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం ఆవిడ ఒప్పుకునేవారు కాదు. పదిహేను సెకన్లలో ఒక్క ఊపిరి తేడా వస్తే నిమిషానికి నాలుగై కూర్చుంటుంది. ఆ రోగికి 28 వచ్చింది.

పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలని మాకు అప్పటికే వచ్చు. ఎందుకు పెరుగుతుందో కూడా చదివాం. రక్తంలో ఆమ్లం పెరిగితే కార్బన్ డయాక్సైడును బయటికి తోసేయడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. ఆక్సిజన్ తగ్గినా పెంచుతుంది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతున్నా, లోపలెక్కడో రక్తం కారుతున్నా, గుండె అలసి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా ముందుగా మారేవాటిలో శ్వాస ఒకటి. రక్తపోటు పడిపోవడం చాలా ఆలస్యంగా వచ్చే కబురు. రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి శరీరం దాన్ని చివరిదాకా నిలబెట్టుకుంటుంది. "బీపీ బాగానే ఉంది మేడమ్" అంటే ఆవిడ "ఇంకా బాగానే ఉంది అను" అని దిద్దేవారు.

ఏ జవాబు చెప్పినా ఆవిడ నుంచి వచ్చే ఎదురుప్రశ్న ఒకటే: "ఎవరికి?" వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? 42 అని గబగబా చెప్పేవాళ్లం. "ఎవరికి?" విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన పడుచువాడికైతే సరే. గుండె బలహీనపడి, పాదాలు వాచి, వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తుగా పెట్టుకున్న పెద్దాయనకు అదే 42 చుక్కలు ప్రాణం మీదికి తేవచ్చు. లెక్క రెండు చోట్లా ఒప్పే. రెండో మంచం దగ్గర మాత్రం డ్రిప్ పెట్టే ముందు ఆర్డరు గురించి డాక్టరును మళ్లీ అడగాలి.

రక్తపోటు 110/70 మంచిదేనా? నిన్నటిదాకా 160 ఉన్న మనిషికి కాదు. నాడి 88 మామూలేనా? గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకునే మనిషి గుండె, లోపల రక్తం పోతున్నా వేగం అందుకోలేకపోవచ్చు, కాబట్టి ఆ 88ని చూసి ధీమాగా ఉండకూడదు. ఆక్సిజన్ 90 శాతం తక్కువేనా? ఏళ్ల తరబడి సీఓపీడీ అనే మొండి ఊపిరితిత్తుల జబ్బుతో ఉండి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలవ ఉండిపోయే మనిషికి 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. 98కి తెద్దామని ఆక్సిజన్ విపరీతంగా పెడితే ఆ మనిషి మగతలోకి జారిపోవచ్చు.

"పుస్తకాల చదువు వార్డులో పనికిరాదు, అంతా అనుభవమే" అనే సీనియర్ల మీద నాకు సదభిప్రాయం లేదు. పై పేరాలోని ఏ ప్రశ్నకైనా చదువు లేకుండా జవాబు చెప్పి చూడమనండి. బీటా బ్లాకర్ ఏం చేస్తుందో తెలియనివాళ్లకు ఆ 88 ఎన్నేళ్లు చూసినా 88 గానే కనిపిస్తుంది. పాత సిస్టర్లకు ఆరో జ్ఞానం ఉంటుందని జూనియర్లు అబ్బురంగా చెప్పుకుంటారు. అమెరికా నర్సింగ్ పండితురాలు పట్రీషియా బెనర్ 1980లలో నర్సులను కొత్తవారి నుంచి నిపుణుల దాకా ఐదు దశలుగా వర్ణిస్తూ, నిపుణులు నియమాలను ఒక్కొక్కటిగా తలచుకోకుండానే పరిస్థితిని మొత్తంగా పట్టుకుంటారని చెప్పింది. నిజమే. కానీ ఆ పట్టు గాలిలోంచి రాదు. కారణం తెలుసుకుని చూసిన మంచాలు కొన్ని వందలు లోపల పేరుకుంటేనే వస్తుంది. కారణం తెలియకుండా చూసిన మంచాలు ఎన్నైనా ఒక మంచం కిందే లెక్క.

ప్రసూతి వార్డులో ఒక సంగతి చెప్తాను. కాన్పయిన కొద్ది గంటలకు ఒక బాలింతను చూడమని మా ఇద్దరిని పంపారు. గర్భాశయం గట్టిగా, మధ్యలో ఉండాల్సింది మెత్తగా, బొడ్డుకు పైన, కుడి పక్కకు జరిగి చేతికి తగిలింది. ప్యాడ్ మామూలు కంటే ఎక్కువగా తడిసింది. నా జంట అమ్మాయి వెంటనే మర్దన మొదలుపెట్టింది. మా ట్యూటర్ ఆపమనలేదు, "పక్కకు ఎందుకు జరిగింది?" అని మాత్రం అడిగారు. నిండిన మూత్రాశయం గర్భాశయాన్ని పైకి, పక్కకు నెడుతుంది, ముడుచుకోనివ్వదు. ముడుచుకోని గర్భాశయంలో మాయ ఊడిన చోట రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. బాలింత చేత మూత్రం పోయించాం. మళ్లీ చెయ్యి వేస్తే గర్భాశయం మధ్యకు వచ్చి గట్టిపడింది. మర్దన ఒక్కటే చేసి ఉంటే కాసేపు గట్టిపడి మళ్లీ మెత్తబడేది. తడిసిన ప్యాడ్‌ను తూకం వేయడమూ ఆ పూటే నేర్పారు. పెరిగిన ప్రతి గ్రామూ దాదాపు ఒక మిల్లీలీటరు రక్తం. సాధారణ కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు దాటితే అది రక్తస్రావం కిందికి వస్తుంది. ఎక్కువ రక్తం పోయినప్పుడు కంటి అంచనా చాలాసార్లు తక్కువే చెబుతుంది.

కొన్ని చోట్ల ఆలోచించడానికి వ్యవధి ఉండదు, అవి ముందే ఆలోచించి పెట్టుకోవాలి. రక్తం ఎక్కిస్తుండగా చలి, వణుకు, నడుం నొప్పి అంటే మొదట రక్తం ఆపాలి, ఫోను ఆ తర్వాత. పొటాషియం క్లోరైడును నేరుగా సిరంజితో నరంలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. డిగాక్సిన్ అనే గుండె మందుకు ముందు గుండె కొన దగ్గర నాడిని పూర్తి నిమిషం వినాలి, పెద్దవాళ్లకు 60 కంటే తక్కువైతే ఇవ్వకుండా ఆపి డాక్టరును అడగాలి. వీటిలో నాకు చర్చలేమీ లేవు.

ఆవిడ పెట్టిన ఇంకో అభ్యాసం, అప్పట్లో మాకు నచ్చనిది. కేస్ షీటు ముట్టుకోకుండా మంచం కాళ్ల వైపు ఒక నిమిషం నిలబడాలి, తర్వాత బయటికి వచ్చి ఏం చూశామో చెప్పాలి. ఏముంటుంది చూడటానికి అనుకునేవాళ్లం. మూత్రపు సంచిలో రంగు, నరంలో పెట్టిన కాన్యులా గొట్టం చుట్టూ వాపు, మాటిమాటికీ ఆక్సిజన్ మాస్కు లాగేసుకుంటున్న చెయ్యి, ముందుకు వంగి మోచేతులు ఆనించి కూర్చున్న తీరు. మాస్కు లాగేసుకునే మనిషిని చూసి "నిద్రమందు రాయించండి" అనడం తేలిక. ఆ తిక్కే ఆక్సిజన్ చాలడం లేదని మెదడు పెట్టే మొదటి మొర కావచ్చు. పెదవులు నీలమయ్యేదాకా ఆగితే బాగా ఆలస్యమవుతుంది.

పక్కన కూర్చున్న కుటుంబం మాట కూడా ఆ నిమిషంలో చేరుతుంది. "రాత్రి నుంచి మా నాన్న మనిషి మనిషిలా లేడు సిస్టర్" అని కూతురు చెబితే అది ఏ యంత్రమూ ఇవ్వలేని రీడింగు. వయసు మళ్లినవాళ్లలో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండానే, ఉన్నట్టుండి తికమకగా బయటపడవచ్చు. వయసైపోయింది కదా అని కొట్టిపారేసే ముందు నిన్న ఎలా ఉన్నాడో అడగాలి. ఆ సంగతి కూతురికే తెలుసు.

ఈ గమనింపులను ఇప్పుడు అంకెల్లోకి తెచ్చారు, మంచిదే. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ అనే, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పట్టే పాయింట్ల పట్టికను తెచ్చింది, 2017లో సవరించింది. పొట్ట ఆపరేషన్ అయిన మూడో రోజు ఒకామెను ఊహించుకోండి. రక్తపోటు 118/76, ఉష్ణోగ్రత 37.2 డిగ్రీల సెల్సియస్, స్పృహలో ఉంది, "బాగానే ఉన్నానమ్మా, కాస్త ఆదుర్దాగా ఉంది" అంటోంది. శ్వాస 26, అంటే 3 పాయింట్లు. నాడి 112, దానికి 2. ఆక్సిజన్ పెట్టి ఉంది, దానికి 2. రక్తంలో ఆక్సిజన్ శాతం 94, దానికి 1. మొత్తం 8. 7 దాటకముందే, 7 దగ్గరే అత్యవసర బృందాన్ని పిలవమంటుంది ఆ పట్టిక. జ్వరమూ బీపీ మాత్రమే చూసే నర్సు ఆమె దుప్పటి సరిచేసి వెళ్లిపోతుంది. శ్వాస గడిలో ఊరికే 20 రాస్తే స్కోరు 5కి దిగిపోతుంది. తప్పుడు అంకె మీద ఎంత గొప్ప పట్టిక కట్టినా ఏం లాభం?

చూసింది చెప్పడం కూడా చదువే. "డాక్టర్ గారూ, పేషెంట్ ఎందుకో బాగోలేదు, ఒకసారి రాగలరా" అని నసిగితే అవతలివైపు నుంచి "చూద్దాం" అని వస్తుంది. నేనెవరిని, ఏ మంచం, ఇప్పుడు ఏమైంది, వెనక కథ ఏమిటి, నాకు ఏమనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి అన్న వరుసలో చెప్పమని ఆవిడ మా చేత ఉత్తుత్తి ఫోన్లు చేయించేవారు. దాన్ని ఎస్‌బార్ అంటారనీ, దాని మూలాలు అమెరికా నావికాదళపు జలాంతర్గాముల్లో ఉన్నాయనీ చాలాకాలం తర్వాత తెలిసింది. ఆ వరుసలో మాకు కష్టమనిపించింది "నాకు ఏమనిపిస్తోంది" అన్న ముక్క. నర్సు అభిప్రాయం చెప్పవచ్చా అని జంకేవాళ్లం. చెప్పకపోతే నిన్ను అక్కడ నిలబెట్టింది ఎందుకని ఆవిడ కసిరేవారు.

కేర్ ప్లాన్ల, అంటే ఒక్కో రోగికి ఏ సేవ ఎందుకు చేయాలో రాసే పత్రాల గొడవ కూడా చెప్పాలి. నోట్‌బుక్కులో గళ్లు గీసి అందంగా నింపేవాళ్లం. ఆవిడ రోగి పేరు మీద బొటనవేలు పెట్టి మూసి, "ఇది ఏ మంచానికి?" అనేవారు. ఏ మంచానికైనా నప్పే ప్లాన్ అయితే పుస్తకం తిరిగి వచ్చేది. 2006లో అమెరికా నర్సింగ్ పండితురాలు క్రిస్టీన్ టానర్ క్లినికల్ జడ్జ్‌మెంట్‌ను, అంటే రోగిని చూసి నిర్ణయించుకునే శక్తిని, గమనించడం, అర్థం చెప్పుకోవడం, స్పందించడం, వెనక్కి తిరిగి ఆలోచించుకోవడం అని నాలుగు మెట్లుగా చెప్పిన నమూనాను, 2023 ఏప్రిల్ నుంచి అమెరికా నర్సుల లైసెన్సు పరీక్ష కేసుల రూపంలో ఇదే శక్తిని పరీక్షిస్తున్న తీరును చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బొటనవేలే.

ఇప్పుడు చదువుతున్న జూనియర్లకు ఆవిడ పద్ధతిలోనే ఒక ప్రశ్న. ఎక్లాంప్సియా, అంటే గర్భంతో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన ఒకామెకు ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నారు. ప్రతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉండాలని, శ్వాస 16కి తగ్గకూడదని, మూత్రం గడిచిన 4 గంటల్లో గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదని, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా ఉండాలని మీకు వచ్చు. ఫిట్స్ మళ్లీ రాలేదు. బీపీ 170/110 నుంచి 140/90కి దిగింది. శ్వాస 14. నాలుగు గంటల్లో మూత్రం 90 మిల్లీలీటర్లు. "ఇప్పుడే హాయిగా నిద్రపట్టింది, లేపకమ్మా" అంటోంది ఆమె తల్లి. తర్వాతి డోసు వేళైంది. మొదట ఏం చేస్తారు, దేన్ని ఆపుతారు, ఎవరికి ఏ మాటలతో చెబుతారు, ఆ తల్లికి ఏం చెబుతారు? జవాబులు రాసి పూర్వ విద్యార్థుల సమావేశానికి తీసుకురండి. కారణం రాయని జవాబు నేను దిద్దను.