హాజరు పట్టీలో మూడో వారం

మంగళవారం, రాత్రి.

పేదలకి ఉద్యోగ శిక్షణ ఇచ్చే మా బ్యాచ్‌కి ఇది మూడో వారం. హాజరు పట్టీలో ఖాళీలు కనబడటం మొదలయ్యేది ఇప్పుడే. పాఠం అర్థంకాక మానేసేవాళ్లు తక్కువ. ఏ పూటకా పూట కూలి మీద బతికే మనిషి రెండు వారాలు పని వదులుకుంటే చేతిలో ఉన్న కాస్తా అయిపోతుంది, పాత పనికి వెళ్లక తప్పదు. అందుకే స్టైపెండ్ నెలాఖరుదాకా ఆపకూడదు. వారం వారం ఇవ్వాలి, మొదటిది మొదటి వారంలోనే అందాలి.

పొద్దున బరువులెత్తే పాఠం. పెట్టె ఒంటికి దగ్గరగా, పాదాలు ఎడంగా, మోకాళ్లు వంచి ఎత్తాలి. పక్కకి తిరగాలంటే నడుము మెలిపెట్టకుండా అడుగులు వేసి తిరగాలి. నియోష్ (పనిచోటి భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ) సూత్రంలోని 23 కిలోల హద్దు అన్నీ అనుకూలంగా ఉన్నప్పటి మాట. చేతులు చాపి ఎత్తినా, నేల మీంచి ఎత్తినా, గంటల తరబడి ఎత్తినా అది తగ్గుతూ పోతుంది. ఎంత బాగా నేర్పినా, బరువైన పెట్టెలు ర్యాక్ అట్టడుగు అరలో ఉంటే వంగక తప్పదు. వాటిని నడుము ఎత్తుకి మార్చాలి, తోపుడుబండి ఇవ్వాలి. అది యాజమాన్యం పని. శిక్షణ ఇచ్చాం కదా అని నడుము పట్టేసినవాణ్ణే తప్పుపట్టడం ఘోరం.

మధ్యాహ్నం చెవుల సంగతి. చేయి చాపితే అందేంత దూరంలోని మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే మోత 85 డెసిబెల్స్ దాటినట్టే. నియోష్ సూచన ప్రకారం, 85 దగ్గర రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు. 88కి చేరితే 4 గంటలే. ఫోమ్ ఇయర్ ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చాలామంది నలపకుండా తోస్తారు, సగం బయటే ఉండిపోతుంది.

సాయంత్రం తర్వాతి బ్యాచ్ దరఖాస్తులు. అసలు చిక్కంతా ఇక్కడుంది. ఎంతమందికి ఉద్యోగం వచ్చిందన్న లెక్కే చూస్తే, సులువుగా ఉద్యోగం దొరికేవాళ్లకే సీట్లు పోతాయి. చక్కెర జబ్బున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, చదవడం రానివాళ్లు వడపోతలో ముందే రాలిపోతారు. ఉద్యోగం ఆరోగ్యానికి ఆసరా కాబట్టి, అప్పుడు శిక్షణే పేదల మధ్య ఆరోగ్యంలో ఇంకో అంతరం తెచ్చిపెడుతుంది.

ఉద్యోగం దొరికినంత మాత్రాన సరిపోదు కూడా. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. వాళ్లందరికీ స్థిరమైన ఉద్యోగాలే. ఆ తర్వాతి అధ్యయనం, చేసే పని మీద తమకు పట్టు లేకపోవడానికీ గుండెజబ్బుకీ ఉన్న సంబంధాన్ని చూపింది. కాబట్టి ఉద్యోగంలో చేరినవాళ్లకి ఆరు నెలలకి చేసే ఫోన్‌లో జీతంతో పాటు ఇంకో రెండు అడగాలి: షిఫ్టు ఎన్ని రోజుల ముందు చెబుతున్నారు? జ్వరమొచ్చి మానేస్తే ఆ రోజు జీతం పోతోందా?

రేపు పొద్దున మొదట, రెండు రోజులుగా రానివాళ్లకి ఫోన్లు. ఈ వారం స్టైపెండ్ అందిందా అన్నదే మొదటి మాట.