పాత రైల్వే స్టేషన్‌లో కాపురం: సున్నం, చెమ్మ, కమాను

మహబూబ్‌నగర్ వైపు పాత స్టేషన్ బిల్డింగులు చూసి, కొనుక్కుని ఇల్లు చేసుకుందామనుకునేవాళ్లు ముందు కాగితాలు చూడాలి. సికింద్రాబాద్-గద్వాల మీటరు గేజి లైను నిజాం రైల్వే 1916లో వేసింది. 1990లలో బ్రాడ్ గేజి అయింది, ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి. జాగా రైల్వేదైతే రిజిస్ట్రేషన్ మాటే లేదు. పక్కన సొంత జాగాలో కట్టినా, రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపయితే రైల్వే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడుగుతారు.

కాగితాలు తేలితే అసలు పని గోడలతోనే. రాయి, డంగు సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు కొడితే తడి లోపలే ఆగుతుంది, ఉప్పు తెల్లగా తేలుతుంది, కొన్ని వానాకాలాలకే పెచ్చులు ఊడతాయి. చెమ్మను అడ్డుకునే డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేద్దామనే మేస్త్రి మాట వినొద్దు.

సిమెంటును ఉలితో నిదానంగా రాల్చాలి. బ్రేకర్ మిషను పెడితే రాళ్లు కదులుతాయి. సందులు అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, నీళ్లు చల్లి, ఒక వంతు సున్నం, మూడు వంతుల ఇసుకతో నింపాలి. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. ఉడకని పలుకు మిగిలితే అది గోడలోనే ఉబ్బి, పైపూత బిళ్లగా ఊడిపడుతుంది. పూత అర అంగుళం మించొద్దు, వారం పాటు తడి గోనెసంచులు కప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు.

అయినా చెమ్మ తగ్గకపోతే బయట నేల చూడండి. ప్లాట్‌ఫారం పెంచినా, రోడ్డు మీద రోడ్డు వేసినా, గది నేల కిందికి పోయి వాననీళ్లు గోడ మొదట్లో నిలుస్తాయి. తవ్వి తగ్గించి, వాలు బయటికి ఇవ్వాలి.

కప్పు పాత రైలు పట్టాల మధ్య ఇటుక కమానులతో ఉంటే ఇంకా జాగ్రత్త. పట్టా పొడవునా సన్నటి చీలిక కనబడితే తప్పు ఇటుకది కాదు, తుప్పు ఉబ్బి తోస్తోంది. పట్టా గోడలోకి దిగేచోట సుత్తితో తట్టండి. పొరలు రాలి పట్టా పలచబడితే పక్కన కొత్త గర్డరు వేయాల్సిందే. వెలుతురు కోసం ఒక్క కమాను పగలగొడితే, దాన్ని ఆనుకున్న పక్క కమానుకు ఆసరా పోతుంది. ఇంజనీరు చూసేదాకా ముట్టుకోవద్దు.

టికెట్ కిటికీ మూయొద్దు. వంటింట్లోంచి వరండాలోకి ప్లేట్లు అందించడానికి అంత వీలైంది ఇంకోటి లేదు.

పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు బెంచీలకు బాగుంటాయి. నల్లగా ఉండి ఎండకు తారు వాసన కొడితే మాత్రం క్రియోసోట్ (చెక్క పుచ్చకుండా వాడే తారు నూనె) పట్టించినవే, ఇంట్లోకి తేవద్దు. ముక్కల్ని పొయ్యిలో అసలే పెట్టొద్దు, ఆ పొగ విషం.