చెపాక్ లైబ్రరీలో శనివారాలు

మన శాఖ పూర్వ విద్యార్థుల సంచికకి మిగతావాళ్లు మెరీనా గాలి గురించి, హాస్టల్ కబుర్ల గురించి ఎలాగూ రాస్తారు. నేను మాత్రం చెన్నై చెపాక్‌లో మన మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీవాళ్లు పరిశోధక విద్యార్థులకి పెట్టిన శనివారం వర్క్‌షాపుల గురించే రాస్తాను, ఎందుకంటే ఇవాళ నేను ఏ కాగితం చదివినా, ఎవరు చెప్పిన మాట విన్నా, దాని వెనక ఆధారం ఏమిటని చూసే అలవాటు నాకు అక్కడే వచ్చింది.

ఎం.ఫిల్.లో చేరినప్పుడు నా టాపిక్ ‘తెలుగు పత్రికలు – స్త్రీలు’. మొదటి శనివారం లైబ్రరీ మేడమ్ అది చూసి నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. “ఏ పత్రికమ్మా? ఏ ఊరిది? ఎప్పటినుంచి ఎప్పటిదాకా? అందులో నువ్వు చూసేది ఏమిటి?” అని వరసగా అడిగి, జవాబులన్నీ కాగితం మీద పెట్టమన్నారు. ఆ ప్రశ్నల వెనక ఉన్నది ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఆలోచన. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు, 1933లో కోలన్ వర్గీకరణ పుస్తకం వేశారు. ఏ విషయాన్నైనా ఐదు వైపుల నుంచి విడదీయొచ్చంటారు ఆయన: విషయానికి కేంద్రమైనది, దాని పదార్థం, అక్కడ జరిగే పని, చోటు, కాలం. పుస్తకం ఏ అరలో ఉండాలో తేల్చడానికి పుట్టిన పద్ధతిని మేడమ్ మా ప్రశ్నల మీద వాడారు. మధ్యాహ్నానికి నా కాగితం మీద ఉన్నది ఇది: మద్రాసు నుంచి వచ్చిన ‘గృహలక్ష్మి’ మాసపత్రికలో 1928 నుంచి 1940 దాకా స్త్రీల ఆరోగ్యం గురించి వచ్చిన వ్యాసాలు. ఆ పత్రిక పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారు ఆయుర్వేద వైద్యులు, స్త్రీల మందు ‘లోధ్ర’ ఆయనదే. వైద్యుడే పత్రిక నడిపితే వ్యాసానికీ మందు ప్రకటనకీ మధ్య గీత ఎక్కడుంది? నాకు అసలైన పరిశోధన ప్రశ్న అలా దొరికింది, అదీ ఇంకా ఒక్క పుస్తకం తెరవకుండానే.

తర్వాత వెతకడం. రెండు మాటలూ ఉండాలంటే ఎలా కొట్టాలి, ఏదో ఒకటి చాలంటే ఎలా, మాటల వరస మారకూడదంటే కొటేషన్ గుర్తులు ఎందుకు, ఇవన్నీ ఎక్కడైనా నేర్పుతారు. తెలుగువాళ్లకి అసలు చిక్కు స్పెల్లింగుల్లో ఉంది. ‘గృహలక్ష్మి’లోని ఋకారాన్ని ఒక కేటలాగ్‌లో ఆర్ యు అని, ఇంకోదాంట్లో ఆర్ ఐ అని, మరోచోట ఆర్ కింద చిన్న గుర్తు పెట్టి రాస్తారు, క్షకారానికీ అంతే. అందుకే వెతకడానికి ముందే ఆ పేరుకి ఎన్ని రూపాలు ఉండొచ్చో జాబితా రాసుకుని, అన్నిటినీ ‘లేదా’ (OR)తో కలిపి కొట్టాలి. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి ‘ఏమీ దొరకలేదు’ అని థీసిస్‌లో రాసేయడం అన్యాయం అంటాను నేను, పత్రిక అక్కడే బీరువాలో ఉంటుంది మరి.

ఇంకొకటి తెలుగు సంవత్సరాలు. పాత సంచికల మీద చాలాచోట్ల ‘విభవ’, ‘శుక్ల’ అని ఉంటుంది. విభవ 1928 ఉగాదికి మొదలైంది కదా అని అన్నిటికీ 1928 వేస్తే కుదరదు, విభవ మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1929 ఫిబ్రవరి వచ్చేస్తుంది. పైగా అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి అచ్చు, కాగితం, ప్రకటనలు చూసి ఏ ఆవృత్తమో తేల్చుకోవాలి. పంచాంగం పక్కన పెట్టుకుని పట్టిక తయారుచేయడం అనే ఈ పనికోసం మేడమ్ ఒక పూట మొత్తం ఇచ్చారు.

ఎక్కడ వెతకాలన్నది కూడా ఊహించి చెప్పేది కాదని అప్పుడే తెలిసింది. ఎగ్మూర్‌లో 1896 నుంచి ఉన్న కన్నెమరా లైబ్రరీకి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ రావాలి, నాకు కావాల్సినవి అంతకు ముందువి కాబట్టి అక్కడ దొరికితే అదృష్టం, దొరక్కపోతే ఆశ్చర్యం లేదు. సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు కావాలంటే ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం. నీ టాపిక్ మీద ఇంతకుముందే ఎవరైనా థీసిస్ రాశారేమో చూడాలంటే, మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగ.

జొటెరో అనే సాఫ్ట్‌వేర్ క్లాసులో ఒక్క సంగతి చెప్పి తీరాలి. అది ఉచితం, పుస్తకాల వివరాలు దాచుకుని ఫుట్‌నోట్లు తనే పేర్చిపెడుతుంది, కానీ పేరు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాని లెక్కలో పంతులు అయిపోతారు! మన ఇంటిపేరు ముందు వస్తుంది, పక్క బెంచీ తమిళ స్నేహితులకైతే ఇనీషియలే తప్ప ఇంటిపేరే ఉండదు. పేరు మొత్తం ఒకే గడిలో వేసేలా మార్చుకునే వీలు అందులోనే ఉంది, ఇది తెలియక బిబ్లియోగ్రఫీలు పాడైన థీసిస్‌లు నేను చాలా చూశాను. కాపీ గురించి, అంటే థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటకూడదని, యూజీసీ 2018 నిబంధనలు వచ్చాక అందరికీ ఆ పది శాతం టెన్షనే పట్టుకుంది. మేడమ్ శాతం గురించి ఎక్కువ మాట్లాడలేదు. నోట్సులో ఇతరుల మాట దగ్గర అప్పటికప్పుడే పేజీ నంబరు, సంచిక, చూసిన లైబ్రరీ పేరు రాసుకోమన్నారు, అలా చేసినవాళ్లకి ఆ శాతంతో పని పడదు.

మన శాఖలో ఇప్పుడు చేరుతున్న పిల్లలకి ఇదంతా మొదటి నెలలోనే, తెలుగు ఉదాహరణలతో చెప్పాలని నా గట్టి కోరిక. ఇంగ్లీషు డేటాబేస్‌ల క్లాసులు సరే, స్పెల్లింగుల జాబితా, సంవత్సరాల పట్టిక, ఇంటిపేర్ల సంగతి మనవాళ్లం చెప్పకపోతే ఎవరు చెప్తారు? సంవత్సరాల పట్టిక క్లాసు నేను తీసుకుంటాను, అడయార్‌లోనే ఉంటున్నాను, ఏ శనివారమైనా రాగలను. మిగతా రెండిటికీ చెన్నైలో ఉన్నవాళ్లు ముందుకు రండి. అలాగే మీ ఇళ్లలో, అమ్మమ్మల పెట్టెల్లో గృహలక్ష్మి పాత సంచికలు ఉంటే పాత కాగితాలవాడికి వేసేయకండి, అట్ట చిరిగినా పర్వాలేదు, ముందు శాఖకి ఒక ఫోన్ చేయండి.