పది నిమిషాల టకటక

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాణ్ణి మా ఊళ్లో మామూలుగా రెండు ప్రశ్నలు అడుగుతారు: తిరుగు ప్రయాణం ఎప్పుడు, ఏం తెచ్చావు. ఈసారి మా పెద్దక్క భర్త మూడోది అడిగారు. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి గారి షెడ్డు ముందు తన పది చక్రాల లారీ ఆపి, ఇంజన్ ఆపకుండానే కిందికి దిగి, "ఏమోయ్, ఈ రొద తగ్గడానికి అక్కడ ఏ ఆయిల్ పోస్తారు?" అన్నారు. ఆ రొదలో ఆయన ప్రశ్న రెండోసారికి గాని నాకు వినపడలేదు.

పోర్టు నుంచి సరుకు మోసే లారీ అది. కంపెనీ పుస్తకంలో రాసింది 15డబ్ల్యూ-40 ఆయిల్. ఎవరో చెప్పారని బావ అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించారు. అదీ చాలలేదని డబ్బాలో అమ్మే జిగురు మందు ఒకటి కలిపారు. మొదటి వారం తగ్గినట్టే ఉందట. ఆ ‘తగ్గినట్టే’ దగ్గర నాకు నవ్వు వచ్చింది. సౌదీ అరేబియాలోని దమ్మాంలో నేనూ అచ్చంగా ఆ మాటే అన్నాను.

దమ్మాంలో నా పని జనరేటర్ల మరమ్మతు. ఊరి బయట ఎక్కడెక్కడో ఉన్న సైట్లకు వెళ్లడానికి కంపెనీ నాకు ఒక పాత పికప్ ట్రక్కు ఇచ్చింది. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు బండి, అప్పటికే మూడు లక్షల కిలోమీటర్లకు దగ్గర పడింది. దాని విలువ బండి లేని మా గదివాళ్లకే తెలుస్తుంది. కంపెనీ బస్సు క్యాంపు నుంచి వర్క్‌షాపుకు, వర్క్‌షాపు నుంచి క్యాంపుకు తప్ప ఎక్కడికీ తీసుకుపోదు. పికప్ ఉన్నవాడు శుక్రవారం చేపల మార్కెట్టుకు వెళ్లగలడు, సముద్రం ఒడ్డున కూర్చోగలడు. విశాఖలో పుట్టినవాడికి సముద్రం లేని శుక్రవారం శుక్రవారమే కాదు.

అలాంటి బండి ఒక చలికాలం పొద్దున టకటకమని మొదలుపెట్టింది. ఇంజన్ వేగంతో పాటే టకటక కూడా పెరిగేది. ఓ పది నిమిషాలు నడిచాక తగ్గి, ఆ తర్వాత రోజంతా ఏమీ ఎరగనట్టు ఉండేది. ‘ఇంజన్ పోయింది’ అని సూపర్‌వైజర్ కాగితం మీద రాస్తే బండి పాత ఇనుము కింద పోతుంది, నేను మళ్లీ బస్సులో పడతాను. అందుకని ఆయనకు చెప్పకుండా అందరినీ అడగడం మొదలుపెట్టాను.

వర్క్‌షాపులో తలా ఒక మందు చెప్పారు. మలయాళీ ఫోర్‌మన్ ఏదో సీసా పోయమన్నాడు. పెషావర్ నుంచి వచ్చిన ముసలి మెకానిక్, "ఈ ఎండలకు 5డబ్ల్యూ-30 నీళ్లురా, 20డబ్ల్యూ-50 పోయి" అన్నాడు. స్టోరులో పుస్తకంలో రాసిందే ఇస్తారు కాబట్టి ఎనిమిది లీటర్లు నా డబ్బుతో కొని పోశాను.

ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేచింది. అది చూసి సంతోషపడ్డాను. చిక్కటి నూనెను సన్నటి దారుల్లోంచి తోయడం కష్టం కాబట్టి ముల్లు లేస్తుందని, అంతమాత్రాన పైనున్న వాల్వుల దాకా నూనె త్వరగా చేరుతున్నట్టు కాదని ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. 5డబ్ల్యూ, 20డబ్ల్యూ అనేవాటిలో ‘డబ్ల్యూ’ వింటర్, అంటే చలికాలం. ఆ అంకె ఎంత చిన్నదైతే చల్లటి ఇంజన్‌లో నూనె అంత తేలికగా పారుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. ఎడారి ఎండను చూసి నేను రెండో అంకె పెంచుకున్నాను. నా చప్పుడేమో ఎండలో లేదు, పొద్దుటి చలిలో ఉంది! మూడో రోజున టకటక ఉన్నచోటే ఉంది. పైగా బండి బరువెక్కినట్టు నడిచింది.

ఆ రాత్రి ఇక మేస్త్రి గారినే అడిగాను. నాకు పని నేర్పింది ఆయనే. పదహారేళ్ల వయసులో ఆయన షెడ్డులో నట్లు కడిగేవాణ్ణి. ముందు చప్పుడు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాను. విని ఫోను చేసి, "ఇది ఇంజనా, కుట్టు మిషనా? ఫోనులో అన్నీ ఒకేలా వినపడతాయి" అన్నారు. తర్వాత ప్రశ్నలు వేశారు.

"ఫిల్టరు ఎప్పుడు మార్చావు?"

"ఆయిల్‌తో పాటే మార్చాను, అసలుదే."

నాసిరకం ఫిల్టర్ లోపలి రబ్బరు రెక్క సరిగ్గా మూసుకోకపోతే రాత్రికి రాత్రే నూనె కిందికి జారిపోయి, పొద్దున ఇంజన్ కాసేపు పొడిగా మోగుతుంది. ఆయన అడిగింది అందుకే.

"చప్పుడు పోవడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు, మేస్త్రి గారూ."

"నూనె అందక వచ్చే చప్పుడు నూనె అందగానే పోవాలి. దానికి ఘడియలు కావాలా? పది నిమిషాలు పట్టిందంటే వేడెక్కి సాగేది ఏదో ఉంది. ఇనుము సాగి సందు మూసుకుంటోంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర మసి ఉందేమో చూడు."

సిలిండర్ల పొగను పోగుచేసి పొగ గొట్టంలోకి పంపే ఇనుప భాగం అది. శుక్రవారం టార్చి పట్టుకుని బండి కింద పడుకున్నాను. అన్నిటికంటే వెనకాల, చెయ్యి దూరని మూలలో ఒక బోల్టుకు తల లేదు. విరిగిన చోట గాస్కెట్, అంటే అతుకు కారకుండా వేసే పల్చటి పట్టీ, నుంచి పొగ చీల్చుకుంటూ వచ్చి, ఇంజన్ గోడ మీద కాటుక దిద్దినట్టు నల్లటి గీత గీసింది. నేను నూనెలో వెతికిన చప్పుడు నూనె తగలని చోట ఉంది. విరిగిన ముక్కను డ్రిల్లుతో తీసి, కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు వేసేసరికి సాయంత్రం నమాజుకు పిలుపు వినపడింది. మర్నాడు స్టోరులో సంతకం పెట్టి మళ్లీ 5డబ్ల్యూ-30 తెచ్చి పోశాను. నా ఎనిమిది లీటర్లు పాత నూనె పీపాలో కలిసిపోయాయి.

ఈ కథంతా చెబితే బావకు విసుగు వచ్చింది. "నీ పికప్ కథ నాకెందుకు? ఇది డీజిలు బండి" అన్నారు. నిజమే. మేస్త్రి గారు షెడ్డులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చారు. వెనకటికి దాని మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకునేవారు. ఈసారి నా చేతికిచ్చారు. "సన్న చప్పుళ్లు నాకు అందడం లేదురా, నువ్వు విను."

పిడి ఆనించగానే ఇంజన్ పళ్లలోకి వచ్చింది. కింద క్రాంక్ వైపు గుద్దుడు లేదు, సాఫీగా ఉంది. పైన వాల్వులను నడిపే టాపెట్ల మూత మీద పెట్టేసరికి మూడో సిలిండరు దగ్గర చిటికెలు వేస్తున్నట్టుంది. చెప్పాను. ఆయన తల ఊపారు.

"కింద బేరింగ్ కొడుతుంటే చిక్కటి నూనె ఆ సందులో పరుపులా ఉండి చప్పుడు దాస్తుంది. అరుగుదల మాత్రం ఆగదు. బండి అమ్మేసేవాడు చేసే పని అది. నువ్వు అమ్ముతున్నావా?" అన్నారు బావతో. బావ ఏమీ అనలేదు.

టాపెట్లు ఇంజన్ చల్లారాకే సెట్ చేయాలి. అందుకని బండి రాత్రికి అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకును వాల్వు సందులో పెట్టి లాగితే, వెన్నలో చాకులా జారిపోయింది. సరైన సందులో ఆ రేకు కొంచెం పట్టి పట్టి రావాలి. రెండు వాల్వులు బాగా వదులైపోయాయి, మిగిలినవి కొద్దికొద్దిగా. గంటన్నర పని. పాత నూనె, మందుతో సహా, దించేసి 15డబ్ల్యూ-40 పోశాం. డబ్బా మీద ‘సి’తో మొదలయ్యే గ్రేడు చూసుకోమన్నాను. ‘ఎస్’ పెట్రోలు బళ్లకు, ‘సి’ డీజిలు బళ్లకు. బావ బండి పాతది కాబట్టి సిఐ-4 చాలు. 2020 ఏప్రిల్ తర్వాత, కొత్త కాలుష్య నియమాల కింద వచ్చిన బీఎస్-6 లారీ అయితే సికె-4 లాంటిది, బూడిద తక్కువ మిగిల్చేది పోయాలి. లేకపోతే పొగ గొట్టంలోని ఫిల్టరు తొందరగా పూడుకుపోతుంది.

స్టార్టు చేశాం. చిటికెలు పోయాయి. మిగిలిన రొద మిగిలింది.

"ఇంకా మోగుతోందేమిటి?" అన్నారు బావ.

"అది దాని గొంతు. డీజిలు మండేటప్పుడు అలాగే మండుతుంది" అన్నారు మేస్త్రి గారు.

బావ కాసేపు విన్నారు, బానెట్ మీద చెయ్యి పెట్టి చూశారు. డబ్బులిచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మల్కాపురం వైపు వస్తుంటే రిఫైనరీ పొగ గొట్టాలు కనిపించాయి. 1957 నుంచి ఉన్నాయవి. నేను పనిచేసే ఆ దేశాల ముడి చమురు ఓడల్లో వచ్చి దిగేది మా ఊళ్లోనే. వాటిని దాటుతుండగా బావ గేరు మార్చి అన్నారు: "ఏమైనా, అక్కడి ఆయిల్ వేరుగా ఉంటుందోయ్. వచ్చే సెలవుకు ఒక డబ్బా పట్టుకురా."