నా కమిట్ ఎక్కడికి పోయింది?

ప్రోగ్రామ్ కోడ్‌లో చేసిన మార్పుల్ని దాచిపెట్టే ఎస్‌వీఎన్ అనే సాధనంలో ఐదేళ్లు పనిచేసి, అలాంటిదే అయిన గిట్‌కి వచ్చాను. అలా దాచే ఒక్కో మార్పే కమిట్. ఎస్‌వీఎన్‌లో బ్రాంచ్ (విడిగా సాగే పని) అన్నా ట్యాగ్ (ఓ వెర్షన్‌కి పెట్టే గుర్తు) అన్నా ఫోల్డర్ కాపీయే. ట్యాగ్‌లోకి కమిట్ చేయకూడదన్నది మనం పెట్టుకున్న ఆచారం, చేస్తే అదేమీ అడ్డుకోదు. అదే బుర్రతో గిట్‌లో దిగాను.

ఓ శుక్రవారం సాయంత్రం ఫోన్. కస్టమర్ దగ్గర నడుస్తున్న వీ2.3 వెర్షన్‌లో బిల్లు మొత్తం తప్పు వస్తోందట. ఆ ట్యాగ్‌ని చెకౌట్ చేశాను, అంటే ఆ వెర్షన్ కోడ్‌లోకి మారాను. 'డిటాచ్‌డ్ హెడ్' అంటూ స్క్రీన్ నిండా ఏదో వచ్చింది. చదివితేగా! రెండు గంటలు కూర్చుని సరిచేసి, కమిట్ కొట్టి, అసలు బ్రాంచ్ అయిన మెయిన్‌కి మారాను. లాగ్ (కమిట్ల జాబితా) చూస్తే నా కమిట్ లేదు. మళ్లీ ట్యాగ్‌కి వెళ్లాను. అక్కడా లేదు. చెమటలు పట్టాయి.

మా టీమ్‌లో సీనియర్ మేడం వచ్చి చూశారు. "కమిట్ చేశారు కదా, ఎక్కడికీ పోదు. రెఫ్‌లాగ్ కొట్టండి" అన్నారు. హెడ్ అంటే మనం ఇప్పుడున్న చోటు, అది ఎక్కడెక్కడ తిరిగిందో రాసిపెట్టే చిట్టా రెఫ్‌లాగ్. కొడితే పై నుంచి రెండో లైన్లోనో మూడో లైన్లోనో ఉంది నా కమిట్! దాని హ్యాష్ (గిట్ ఇచ్చే గుర్తింపు కోడ్) ఇచ్చి హాట్‌ఫిక్స్ అని ఓ బ్రాంచ్ పెట్టాం. రెండు నిమిషాల పని. మామూలు సెట్టింగుల్లో ఇలా దిక్కులేని కమిట్లు రెఫ్‌లాగ్‌లో 30 రోజులు ఉంటాయట.

తర్వాత ఆవిడ గిట్ తన వివరాలు దాచుకునే డాట్‌గిట్ ఫోల్డర్ తెరిచి, రెఫ్స్‌లో, హెడ్స్ కింద ఉన్న మెయిన్ అనే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో చూపించారు. ఒక్కటే లైను, 40 అక్షరాల హ్యాష్.

"బ్రాంచ్ అంటే ఇదేనా మేడం?"

"ఇంతే."

ఉత్తుత్తి కమిట్ ఒకటి చేసి మళ్లీ తెరిస్తే ఆ లైను మారిపోయింది. ట్యాగ్స్ కింద వీ2.3 ఫైల్ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. బ్రాంచ్ మీదుంటే హెడ్‌లో ఆ బ్రాంచ్ పేరు ఉంటుంది, కొత్త కమిట్ పడగానే ఆ పేరు ముందుకు జరుగుతుంది. ట్యాగ్ మీదికి వెళ్తే హెడ్‌లో ఉండేది పేరు కాదు, ఉత్త హ్యాష్. నా కమిట్‌కి ఏ పేరూ అంటుకోకపోవడానికి కారణం అదీ. ఐదేళ్లుగా ఫోల్డర్లు మోసినవాడికి ఇది మింగుడుపడటానికి కాస్త టైం పట్టింది.

రాత్రి తొమ్మిదికి వీ2.3.1 అని ట్యాగ్ వేసి పుష్ చేశాను, అంటే సర్వర్‌కి పంపాను. అలాంటి ట్యాగే లేదంది సర్వర్! మామూలు పుష్‌తో ట్యాగులు వెళ్లవు, పేరు పెట్టి విడిగా పంపాలి. పంపాను, బిల్లు సరిగ్గా వచ్చింది.

ఆ సవరణని మెయిన్‌లో కూడా మెర్జ్ చేయాలన్న (కలపాలన్న) సంగతి సోమవారం గుర్తొచ్చింది.